మంచుకొండలలో జవాను దేహము

దినమంతయు నాగలి పట్టినను అలసట యెరుగని పల్లెటూరి యువకు డొకడు సైన్యములో చేరి లడఖ్ ప్రాంతమునకు పోయినాడనుకొందము. అచ్చటి లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 11,500 అడుగుల యెత్తున నున్నది. విమానము దిగిన మొదటి రెండు దినములు విశ్రమింపవలెనని అతనికి ఉత్తరువు. బలిష్ఠుని ఊరక కూర్చుండబెట్టుట యేల? ఇందుకు గల కారణమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. లేహ్‌లో ఒక్కొక్క శ్వాసయందు లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో సుమారు మూడింట రెండు వంతులే. 18,000 అడుగుల యెత్తున అది సగమునకు తగ్గును. 1984 నుండి మన జవానులు కావలికాయుచున్న సియాచిన్‌లో ఇంతకు మించిన యెత్తున గల స్థావరములును కలవు.

ఈ కొరతను తీర్చుకొనుటకు దేహమే ఉపాయములు పన్నుకొనును. మొదటి గంటలలోనే శ్వాస హెచ్చును. గుండె త్వరగా కొట్టుకొనును. కొన్ని దినములలో మూత్రపిండములు రక్తమునందలి క్షారమును కొంత వెలువరించి, హెచ్చిన శ్వాస నిలుకడగా సాగునట్లు చేయును. ప్రాణవాయువును మోయు ఎర్రకణములు తగినంత వృద్ధియగుటకు వారములు పట్టును. ఎంతటి ధైర్యశాలియైనను ఈ పనిని తొందరపెట్టజాలడు.

దీనికి చలి తోడగును. చర్మమునందును వ్రేళ్లయందును రక్తనాళములు ముడుచుకొని, వేడిని లోపలి అవయవములకై దాచును. అందుచేతనే వ్రేళ్లకు మంచుకాటు భయము. శ్రమించినపుడు ఒడలు వేడెక్కును గాని, చెమటతో తడిసిన బట్ట పని ఆగినంతనే ఆ వేడిని హరించును. కావున ఎక్కునపుడు పైబట్ట తగ్గించి, ఆగినపుడు తొడుగుకొనవలెను. పొడిగాలిలో ప్రతి శ్వాసతోను నీరు పోవును గనుక దాహము లేకున్నను నీరు త్రాగవలెను.

1962లో చైనాతో యుద్ధము వచ్చినపుడు మైదానములనుండి సైనికులు త్వరితముగా ఎత్తైన సరిహద్దులకు పోవలసివచ్చెను. పలువురి ఊపిరితిత్తులలో నీరు చేరెను. డాక్టరు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది జవానులలో ఈ పర్వతవ్యాధిని పరిశీలించి 1969లో ప్రకటించిరి. నేడు సైన్యము మెట్టు మెట్టుగా ఎక్కించుచున్నది: 12,000 అడుగుల వరకు 6 దినములు, 15,000 వరకు 4, ఆ పైన మరి 4. మొదట విశ్రాంతి, పిదప మెల్లని నడక, తరువాతనే కొండ యెక్కుట.

సెలవుపై ఇంటికి వచ్చి కొన్ని వారములున్న జవాను ఈ అలవాటును కోల్పోవును. తిరిగి వెళ్లినపుడు మరల మొదటినుండి మొదలిడవలెను. తనకింకను పని అప్పగింపలేదని అతడు జాబు వ్రాసినచో ఇంటివారు బెంగపడ నక్కరలేదు.

ఈ పాఠము జవానులకే కాదు. కేదారనాథము 11,700 అడుగులకు, అమరనాథ గుహ 12,700 అడుగులకు పైబడిన యెత్తున నున్నవి. మీ గ్రామమునుండి యాత్రకు పోవువారికి ఈ మాటలు ముందుగా చెప్పుడు: తలనొప్పి, వాంతులు కలిగినచో ఇంకను పైకి ఎక్కరాదు. కూర్చున్నను ఆయాసము తగ్గకున్నను, నడకలో తూలుచున్నను, తెల్లవారువరకు వేచియుండక వెంటనే క్రిందికి దింపి వైద్యునికి చూపవలెను. కొండ యెక్కువానికి బలముకన్న ఓరిమి ముఖ్యము.