కార్యత్వహేతువు – ఈశ్వరానుమానము

ఈశ్వరుడు కలడా యను ప్రశ్నకు భారతీయ దార్శనికు లిచ్చిన సమాధానములలో నైయాయికుల కార్యత్వానుమానము ప్రధానమైనది. ఉదయనుడు న్యాయకుసుమాంజలి పంచమస్తబకమున ఈశ్వరసాధక హేతువులను పరిగణించుచు దీనికే ప్రథమస్థాన మిచ్చెను. ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు, 17వ శతాబ్దిలో, స్వీయ తర్కసంగ్రహమునకు తానే రచించిన దీపికయందు దీనిని సంగ్రహముగా నిబంధించెను. అంకురాదులు కార్యములు, కార్యమైన దెల్ల ఘటమువలె కర్తృజన్యము, కావున అంకురాదులకును కర్త యుండవలెను, ఉపాదానము నెఱుగని అల్పజ్ఞుడు అట్టి కర్త కాజాలడు. ఇది యనుమానస్వరూపము.

ఇచట విచార్యమైనది 'కార్య' శబ్దము. కృఞ్ ధాతుజన్యమగు నీ పదమునకు వ్యుత్పత్తిచే 'చేయదగినది' యని యర్థము. తెలుగు వ్యవహారమునను కార్యమనగా పని, శుభకార్యమన వివాహాదులు. పని యనగానే చేయువాడు స్ఫురించును. ఈ యర్థమునే గ్రహించినచో, అంకురము కార్యమనుటలోనే కర్త యంగీకృతుడగును. సాధింపవలసినది హేతువుననే యిమిడియుండును. నైయాయికుల కీ దోష మంటదు. వారు కార్యమును ప్రాగభావప్రతియోగి యని నిర్వచించిరి; అనగా పూర్వము లేక పిమ్మట పుట్టినది. ఈ లక్షణమున కర్తృప్రసక్తి లేదు. కాని, లేనందుననే, కార్యమునకు కర్తతో వ్యాప్తిని వేఱుగా నిరూపింపవలసిన భారము వారిపై పడినది.

ధర్మకీర్తి ప్రమాణవార్తికమున నాక్షేపించిన దిచ్చటనే. ఘటము మృద్వికారము; కుమ్మరి చేసినది. పుట్టయు మృద్వికారమే, అంతమాత్రమున దానిని కుమ్మరి చేసె ననవచ్చునా? 'గో' శబ్దము ధేనువునకును వాక్కునకును వాచకమైనంతనే వాక్కునకు కొమ్ములు సిద్ధింపవు. శబ్దసామ్యము వస్తుసామ్యమును సాధింపజాలదని తాత్పర్యము. విక్రమశిలకు చెందిన రత్నకీర్తి 11వ శతాబ్దిలో ఈశ్వరసాధనదూషణమున నీ విమర్శను విస్తరించెను.

పుట్టకును చెదపురుగులు కర్తలే. మేము సాధించునది కుమ్మరిని గాదు, కర్తృసామాన్యమును – అని నైయాయికపక్షమున సమాధానము చెప్పవచ్చును. ఐనను ఆ కర్త యొక్కడే యనుట కేమి ప్రమాణము? లాఘవమని వారందురు. రామానుజులు శ్రీభాష్యమున శాస్త్రయోనిత్వాధికరణమందు దీని నంగీకరింపలేదు. మహానిర్మాణములకు పెక్కండ్రు కర్తలుండుట లోకదృష్టము గదా! వారి మతమున ఈశ్వరుడు శాస్త్రైకగమ్యుడు. వేదప్రామాణ్యమును ప్రతిష్ఠించిన కుమారిలుడైతే సృష్టికర్తనే నిరాకరించెను. కావున ఈశ్వరానుమానఖండనము నాస్తికలక్షణమని తలచుట యుక్తము గాదు. పరమభక్తులును దాని నొనర్చిరి.

ఆంధ్రేతరప్రాంతమున బోధించు నాకు దీనినుండి యొక ప్రయోజనము గోచరించుచున్నది. హిందీయందును కార్యమనగా పనియే. తత్సమము మారకున్నంత మాత్రమున అర్థము మారలేదని యనువాదకుడు నమ్మరాదు. శాస్త్రలక్షణమును ముందు తెలిపి పిమ్మట వాదమును చెప్పినచో, పాఠకుడు మాతృభాషార్థముచే మోసపోక, ఇరుపక్షముల బలాబలములను తానే తూచుకొనగలడు.