మాత్రల నుండి ఇంజెక్షన్‌కు మారినప్పుడు

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పి, అన్నం సయించని వారికి డాక్టరుగారు అదే మందును చర్మం కింద ఇంజెక్షన్‌గా మారుస్తారు. చాలామందికి వికారం తగ్గుతుంది, అందరికీ పూర్తిగా పోదు. సూది వేసిన చోట కాస్త ఎర్రబడితే కంగారుపడకండి. మరుసటి వారం చోటు మార్చాలి.

మేము గట్టిగా చెప్పేది ఒకటి. ఇంజెక్షనైనా వారానికి ఒక్కసారే. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు దానితోపాటు వేసుకుంటే మోతాదు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఫోలిక్ ఆసిడ్ మాత్ర మాత్రం డాక్టరుగారు చెప్పిన రోజున వేసుకోవాలి.

రక్తపరీక్షలు మానకూడదు, ఇంజెక్షన్ కూడా కాలేయం మీద పనిచేస్తుంది. మన మెదక్ వైపు కల్లును సారాతో జమకట్టరు గాని, కాలేయానికి రెండూ ఒకటే. గర్భం కోరుకునేవారు ముందే చెప్పండి. నోటిపూత, జ్వరం, తగ్గని పొడిదగ్గు, ఆయాసం వస్తే తరువాతి ఇంజెక్షన్ వేయించుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి.