ఉప్పెన నేర్పిన పాఠం: వాతావరణ పరిశోధనలో దేశాల భాగస్వామ్యం

1977 నవంబరు 19వ తేదీన బంగాళాఖాతపు పెనుతుపాను ఒకటి ప్రకాశం జిల్లా చీరాల సమీపంలో తీరం దాటింది. కాని ఘోరవిపత్తు సంభవించింది చీరాలలో కాదు. అక్కడికి ఈశాన్యంగా, కృష్ణానది పాయల నడుమనున్న దివిసీమలో. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచివచ్చి పల్లెలకు పల్లెలనే తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది అసువులు బాశారు.

తుపాను ఒకచోట తీరం దాటితే సముద్రం మరొకచోట ఎందుకు విరుచుకుపడింది? ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో ముందుగానే లెక్కగట్టడం సాధ్యమా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకే ప్రయత్నం దివిసీమకు ఎంతో దూరాన, ఢిల్లీ నగరంలో జరిగింది. ఆ ప్రయత్నంలో ఒక బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పాలుపంచుకున్నాడు. దాని ఫలం బంగాళాఖాతపు పొరుగు దేశాలకు సైతం అందింది. పరిశోధనలో భాగస్వామ్యం అనే మాటకు అర్థం తెలుసుకోవడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఢిల్లీ నుండి రెడింగ్ వరకు

ఢిల్లీ ఐ.ఐ.టి.కి చెందిన ఎస్.కె. దూబే, యు.సి. మహంతి, పి.సి. సిన్హా, బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన బి. జాన్స్ కలిసి 1977 నాటి ఆంధ్ర ఉప్పెనను గణిత సమీకరణాల ద్వారా పునఃసృష్టించారు. ఆ పరిశోధన బ్రిటిష్ రాయల్ వాతావరణ సంఘపు త్రైమాసిక పత్రికలో 1981లో వెలువడింది. గణిత పద్ధతి ఎంత గొప్పదైనా, బంగాళాఖాతపు లోతులు, తీరరేఖ వంపులు, తుపాను నడచిన దారి, గాలుల తీవ్రత తెలియనిదే అది వట్టి సూత్రం మాత్రమే. అలాగే ఈ వివరాలు ఎన్ని ఉన్నా, వాటిని ఒకచోట కూర్చి లెక్కించే విధానం లేకపోతే అవి వట్టి అంకెలు. రెండూ కలిసినప్పుడే శాస్త్రం అక్కరకు వస్తుంది.

ఉప్పెన ఎలా పుడుతుంది?

తుపాను కేంద్రంలో వాయుపీడనం బాగా తగ్గుతుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 70 మిల్లీబార్లు తగ్గినా పెరిగేది 70 సెంటీమీటర్లే. తక్కిన మీటర్లన్నీ గాలి నెట్టుకొచ్చిన నీరే. లోతైన సముద్రంలో అలా నెట్టబడిన నీరు అడుగునుండి వెనుకకు మరలిపోగలదు. లోతు తక్కువైన తీరజలాలలో దానికి ఆ దారి ఉండదు. గోడకట్టినట్లు పైకి లేచి నేలమీదికి పొర్లుతుంది.

ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. కనుక వాయవ్యంగా కదిలే తుపాను ఆంధ్ర తీరాన్ని తాకినప్పుడు, దాని దారికి కుడివైపున గాలి సముద్రంనుండి నేలవైపు వీస్తుంది. ఎడమవైపున నేలనుండి సముద్రంవైపు వీస్తుంది. చీరాలకు కుడివైపున ఉన్నది దివిసీమ. అక్కడి సముద్రం లోతు తక్కువ, నేల పల్లం. ఆనాటి విషాదానికి భౌతిక కారణం ఇదే. తుపాను సరిగా ఎక్కడ తీరం దాటుతుందో చెప్పడం ఎంత ముఖ్యమో దీనినిబట్టి గ్రహించవచ్చు. అంచనా కొద్ది కిలోమీటర్లు అటూ ఇటూ అయినా మునిగే ఊళ్ళు మారిపోతాయి.

సరిహద్దులెరుగని సముద్రం

1970 నవంబరులో నేటి బంగ్లాదేశ్ తీరాన్ని ముంచెత్తిన తుపానులో మూడు లక్షలకు పైగా ప్రజలు మరణించారు. ఆ పిదప 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఆసియా ప్రాంతపు ఐక్యరాజ్యసమితి ఆర్థిక సంఘం కలిసి ఉష్ణమండల తుపానుల మండలి నొకదానిని ఏర్పరచాయి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, బర్మా, శ్రీలంక, థాయిలాండ్ మొదలైనవి అందులో సభ్యులయ్యాయి. 1971 నాటి యుద్ధపు గాయాలు మానని కాలమది. అయినను తుపాను వార్త విషయంలో విరోధానికి చోటు లేదని ఈ దేశాలు అంగీకరించడం గమనార్హం. 1988 నుండి ఢిల్లీలోని మన వాతావరణ శాఖ కార్యాలయం ఈ ప్రాంతమంతటికీ తుపాను సూచనలు అందించే కేంద్రంగా పనిచేస్తున్నది. ఢిల్లీ ఐ.ఐ.టి.లో రూపొందిన ఉప్పెన నమూనా ఆయా దేశాల తీరాలకు అనుగుణంగా మార్చబడి పొరుగువారికీ అందింది. దివిసీమ దుఃఖంనుండి పుట్టిన విద్య పరాయి తీరాల బిడ్డలకు సైతం రక్షణ కావడం కంటె సార్థకత ఏమున్నది?

1990 మే 9న అంతే తీవ్రమైన మరొక తుపాను కృష్ణానది ముఖద్వారం వద్దనే తీరం దాటింది. ఈసారి లక్షకు పైగా ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ప్రాణనష్టం వెయ్యిలోపు. ఇది ఏ ఒక్క గణిత నమూనా ఘనతో కాదు. ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను ఆశ్రయాలు, గ్రామాధికారుల శ్రమ అన్నీ కలిసిన ఫలితమది. వెయ్యిలోపు అన్నది తృప్తిపడదగిన సంఖ్య కాదు. అయితే అదే గడ్డమీద పదమూడేళ్ళలో వచ్చిన మార్పు అది.

ఇచ్చిపుచ్చుకోవడం

భాగస్వామ్యపు దారి ఎల్లప్పుడూ సుగమంగా సాగలేదు. మూడునుండి పది రోజుల ముందుగా వాతావరణాన్ని అంచనావేసే జాతీయ కేంద్రాన్ని భారత ప్రభుత్వం 1988లో నెలకొల్పింది. దానికి కావలసిన సూపర్ కంప్యూటరును ఇవ్వడానికి అమెరికా చాలాకాలం తటపటాయించింది. అది రక్షణ పరిశోధనలకు వినియోగపడగలదన్నది వారి శంక. చివరకు మనం కోరినదానికంటె తక్కువ శక్తిగల క్రే యంత్రం అనేక షరతులతో 1989లో ఢిల్లీ లోడీరోడ్డులోని మౌసమ్ భవన్‌కు చేరింది. ఈ అనుభవం స్వదేశీ సూపర్ కంప్యూటర్ల నిర్మాణానికి మనలను పురికొల్పింది. మిత్రునిపై ఆధారపడవచ్చు, పూర్తిగా ఆధారపడి ఉండరాదు.

నేడు ఆ కేంద్రం ఢిల్లీ పొరుగునున్న నోయిడాలో పనిచేస్తున్నది. 2024లో అక్కడ 'అరుణిక' అనే సూపర్ కంప్యూటరు ప్రారంభమైంది. బ్రిటిష్ వాతావరణ సంస్థ రూపొందించిన 'యూనిఫైడ్ మోడల్'ను మన శాస్త్రజ్ఞులు మన అవసరాలకు మలచుకొని వాడుతున్నారు. నోయిడా కేంద్రం, బ్రిటిష్ సంస్థ, మన వాతావరణ శాఖ కలిసి 1979 నుండి మన ఉపఖండపు వాతావరణాన్ని 12 కిలోమీటర్ల గళ్ళలో తిరిగి లెక్కించి భద్రపరచాయి. దానికి మన శాఖ దాచి ఉంచిన పాత పరిశీలనలు ఆలంబనమయ్యాయి. నమూనా వారిది, కొలతలు మనవి, ఫలితం ఉభయులదీ.

ప్రతి ఉదయం 5.30 గంటలకు, సాయంత్రం 5.30 గంటలకు మన వాతావరణ కేంద్రాలలో గాలిబుడగలు ఎగురుతాయి. ప్రపంచమంతటా అదే క్షణానికి ఎగురుతాయి. అవి పంపే ఉష్ణోగ్రత, తేమ, పీడనం వివరాలు దేశాలన్నింటికీ పంపిణీ అవుతాయి. ఒక దేశం కొలవడం మానివేస్తే ఆ మేరకు అందరి అంచనాలూ గుడ్డివవుతాయి. కనుక విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో శ్రద్ధగా కొలతలు తీసే ఉద్యోగి కూడ ఈ అంతర్జాతీయ కృషిలో సమాన భాగస్వామియే.

చివరి భాగస్వామి

ఇంత శ్రమించి సిద్ధపరచిన హెచ్చరిక చివరకు ఒక వాక్యంగా మారి తీరం చేరాలి. ఢిల్లీలో హిందీ పాఠాలను తెలుగు చేసే ఈ వ్యాసకర్తకు 'తూఫాన్ మహోర్మి' అనే పారిభాషిక పదం ఎదురైనప్పుడు, దానికి తగిన మరొక సంస్కృత సమాసం కల్పించడం కష్టమేమీ కాదు. కాని నాగాయలంకలో వల అల్లుకునే మనిషికి ఆ సమాసం ఏ భయమూ కలిగించదు. 'ఉప్పెన' అంటే చాలు, అతడు బిడ్డను చంకనెత్తుకొని లేస్తాడు. ఆ మాట అతని తాతముత్తాతల అనుభవంలోనుండి వచ్చినది.

కాబట్టి ఈ భాగస్వామ్యం దేశాల మధ్య ఒప్పందాలతోనే ముగియదు. కొలిచేవాడు, లెక్కించేవాడు, పొరుగువానికి తెలిపేవాడు, అర్థమయ్యే మాటలో చెప్పేవాడు, విని కదిలేవాడు అందరూ కలిస్తేనే అది పూర్తి అవుతుంది. వీరిలో ఏ ఒక్కరు తప్పిపోయినా మూల్యం చెల్లించేది తీరవాసియే. దివిసీమ నేర్పిన ఈ పాఠం మరువరానిది.