దుకాణంలో కార్డు వివరాలు చోరీ: డబ్బు పోకుండా కాపాడేది మూడు రోజుల గడువే

ఫోన్‌కు ఒక ఎస్‌ఎంఎస్ వస్తుంది. ఎప్పుడూ పేరైనా వినని ఓ విదేశీ వెబ్‌సైట్‌లో కార్డు మీద రూ.85 ఖర్చయినట్టు అందులో ఉంటుంది. కార్డేమో పర్సులోనే ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. పోయింది చిన్న మొత్తమే కదా అని చాలామంది ఆ సందేశాన్ని పట్టించుకోరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. దొంగిలించిన కార్డు నంబరు ఇంకా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మోసగాళ్లు ముందుగా చిన్న మొత్తంతో పరీక్షిస్తారు. అది సాఫీగా జరిగిపోతే ఆ తర్వాత పెద్ద మొత్తాలకు దిగుతారు.

కార్డు చేయి దాటకుండానే దాని వివరాలు ఎలా బయటపడతాయి? పడితే ఖాతాదారు ఏం చేయాలి?

19 రోజుల్లో 4 కోట్ల కార్డులు

అమెరికాలోని టార్గెట్ అనే దుకాణాల సంస్థలో 2013లో జరిగిన చోరీ దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది నవంబరు 27 నుంచి డిసెంబరు 15 వరకు, పండుగ కొనుగోళ్లు జోరుగా సాగే రోజుల్లో, దాదాపు 4 కోట్ల క్రెడిట్, డెబిట్ కార్డుల వివరాలు దొంగల చేతికి చిక్కాయి. దొంగలు నేరుగా సంస్థ కంప్యూటర్లలోకి చొరబడలేదు. ఆ సంస్థకు శీతలీకరణ పనులు చేసే ఒక కాంట్రాక్టరు లాగిన్ వివరాలు సంపాదించి, వాటితో లోపలికి వెళ్లారు. అక్కడి నుంచి బిల్లింగ్ కౌంటర్లలోని యంత్రాల దాకా చేరుకున్నారు.

బిల్లింగ్ యంత్రంలో కార్డును గీసినప్పుడు దాని వివరాలు క్షణకాలం యంత్రపు తాత్కాలిక మెమరీలో, అంటే ర్యామ్‌లో, మామూలు అక్షరాలుగానే ఉంటాయి. నెట్‌వర్క్‌లో ప్రయాణించేటప్పుడు ఎన్‌క్రిప్షన్ రక్షణ ఉన్నా ఆ క్షణంలో మాత్రం ఉండదు. దొంగలు పెట్టిన మాల్వేర్ ఆ మెమరీని పదేపదే జల్లెడ పట్టి కార్డు నంబర్లను ఏరుకుంది.

మెమరీలో అంకెల వరుసలు ఎన్నో ఉంటాయి. వాటిలో కార్డు నంబరు ఏదో తెలుసుకోవడానికి ఒక చిన్న గణిత సూత్రం చాలు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ దీన్ని 1950లలో రూపొందించారు. కుడి నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒక అంకెను రెట్టింపు చేయాలి. ఫలితం 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి. చివరికి అన్నింటి మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి. ఉదాహరణకు 2659 తీసుకుందాం. కుడి నుంచి 9, తర్వాత 5 రెట్టింపు 10 కనుక 1, ఆపై 6, చివరగా 2 రెట్టింపు 4. మొత్తం 20. సరిపోయింది. అదే 2658 అయితే మొత్తం 19, సరిపోదు. నంబరు కొట్టేటప్పుడు దొర్లే పొరపాట్లను పట్టుకోవడానికి పుట్టిన ఈ సూత్రం రహస్యమేమీ కాదు. అందుకే ఈ తరహా మాల్వేర్లు కూడా దాన్ని వాడుకుంటాయి.

చిప్, టోకెన్ ఎందుకు?

కార్డు వెనుక ఉండే నల్లని అయస్కాంత పట్టీలోని సమాచారం ఎప్పటికీ మారదు. ఒకసారి నకలు తీస్తే మరో కార్డు మీదికి ఎక్కించవచ్చు. చిప్ అలా కాదు. ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతాన్ని తయారుచేస్తుంది. పాత సంకేతం దొరికినా దొంగకు మళ్లీ పనికిరాదు. అందుకే భారతీయ రిజర్వు బ్యాంకు 2018 డిసెంబరు 31 నాటికి పట్టీ కార్డులను చిప్ కార్డులుగా మార్చాలని బ్యాంకులకు గడువు పెట్టింది.

అంతకుముందు 2016లో మన దేశంలోనూ ఏటీఎంలకు సేవలందించే ఒక వ్యవస్థలో మాల్వేర్ చేరి, దాదాపు 32 లక్షల డెబిట్ కార్డులకు ముప్పు ఏర్పడింది. బ్యాంకులు ఎన్నో కార్డులను నిలిపివేసి కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది.

ఆన్‌లైన్ కొనుగోళ్లలో చిప్‌కు పాత్ర లేదు. అక్కడ అడిగేది నంబరు, గడువు తేదీ, సీవీవీ. దేశంలోని వెబ్‌సైట్లు ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ అడుగుతాయి కానీ విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు అడగవు. ఇక 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో వ్యాపార వెబ్‌సైట్లు అసలు కార్డు నంబరును దాచుకోకూడదు. దాని బదులు టోకెన్ అనే మారు నంబరు వాడాలి. ఒక దుకాణానికి ఇచ్చిన టోకెన్ మరో దుకాణంలో చెల్లదు కాబట్టి అది చోరీ అయినా నష్టం తక్కువ.

గడువు లెక్క

తెలియని ఖర్చు కనబడినప్పుడు ఖాతాదారుకు అండగా నిలిచేది రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్. దాని ప్రకారం:

• లోపం బ్యాంకుదైతే ఖాతాదారు ఫిర్యాదు చేసినా చేయకపోయినా అతని మీద భారం ఉండదు.
• లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడో చోట ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో తెలియజేసినవారికి నష్టం సున్నా. దుకాణంలో జరిగిన చోరీ ఈ కోవలోకే వస్తుంది. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు.
• 4 నుంచి 7 పనిదినాల్లో తెలియజేస్తే పరిమిత భారం పడుతుంది. సాధారణ పొదుపు ఖాతాకూ, రూ.5 లక్షల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డుకూ గరిష్ఠంగా రూ.10,000. ప్రాథమిక పొదుపు ఖాతాకు రూ.5,000. అంతకు మించిన పరిమితి గల క్రెడిట్ కార్డుకు రూ.25,000. పోయిన మొత్తం ఇంతకంటే తక్కువైతే భారం అంతవరకే.
• 7 పనిదినాలు దాటితే ఆ బ్యాంకు విధానాన్ని బట్టి నిర్ణయిస్తారు.
• ఓటీపీ, పిన్ తానే ఎవరికైనా చెబితే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది.

ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.

వరుసగా చేయాల్సినవి

ముందుగా బ్యాంకు యాప్‌లో కార్డును నిలిపివేయాలి, లేదా కార్డు వెనుక ముద్రించిన నంబరుకు ఫోన్ చేయాలి. ఆ కంగారులో ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం ప్రమాదం. నకిలీ నంబర్లతో రెండోసారి మోసపోయే అవకాశం ఉంది.

ఫిర్యాదు నంబరు, తేదీ, సమయం రాసి పెట్టుకోవాలి. గడువు లోపలే తెలియజేశామనడానికి అవే సాక్ష్యం. వచ్చిన ఎస్‌ఎంఎస్‌ను చెరిపేయకూడదు. ఫోన్‌లో చెప్పినా, ఏయే లావాదేవీలు తమవి కావో రాతపూర్వకంగానూ ఇవ్వడం మేలు.

తర్వాత జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. వెంటనే సమాచారం అందితే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

గత రెండు మూడు నెలల స్టేట్‌మెంట్‌ను ఒక్కో పద్దుగా చూడాలి. అంతకుముందే చిన్న మొత్తాలు పోయి ఉండవచ్చు. డెబిట్ కార్డు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. క్రెడిట్ కార్డులో వివాదం బిల్లు మీదైతే, డెబిట్ కార్డులో పోయేది ఖాతాలోని సొంత డబ్బు. ఆ నెల అద్దె, స్కూలు ఫీజు ఆగిపోవచ్చు.

బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోయినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ముందు జాగ్రత్తగా, విదేశీ లావాదేవీల సదుపాయం అవసరం లేనప్పుడు యాప్‌లో దాన్ని ఆపి ఉంచుకోవచ్చు. ఖర్చుకు పరిమితి పెట్టుకోవచ్చు. ఫోన్ నంబరు మార్చినప్పుడు బ్యాంకులోనూ వెంటనే మార్పించుకోవాలి. పాత నంబరుకు వెళ్లే హెచ్చరిక ఖాతాదారు కంట పడదు, గడువు మాత్రం గడిచిపోతూనే ఉంటుంది. దుకాణం కంప్యూటర్‌ను కాపాడటం కొనుగోలుదారు చేతిలో లేదు. రూ.85 ఎస్‌ఎంఎస్‌ను చదివి, ఆ రోజే ఫోన్ చేయడం మాత్రం ఉంది.