‘ఆన్సర్’, ‘రిప్లై’ – రెండును ఒకటేనా?

విద్యార్థులారా! ఆంగ్లమునందలి ‘ఆన్సర్’, ‘రిప్లై’ అను రెండు మాటలకును మనము ‘జవాబు’ అనియే అర్థము చెప్పుకొందుము. పెక్కు చోట్ల ఒకదానికి మారుగా మరొకటి వాడవచ్చును. అయినను వాని నడుమ గమనింపదగిన భేదము కలదు.

‘ఆన్సర్’ ప్రాచీనాంగ్ల పదము. అందు ‘ఎదురు’ అను భాగమును, ‘ప్రమాణము చేయుట’ అను భాగమును కలిసియున్నవి. మోపిన నిందకు ఎదురు ప్రమాణము చేసి చెప్పుట దాని తొలి భావము. ‘రిప్లై’ లాటినునుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. ‘వెనుకకు మడచుట’ దాని మూలార్థము.

వాడుకయందును ఈ భేదము కనబడును. లెక్క చేయగా వచ్చిన ఫలితము ‘ఆన్సర్’. దానిని ‘రిప్లై’ అనరాదు. టెలిఫోను మ్రోగినప్పుడు అందుకొని పలుకుటయు ‘ఆన్సర్’ చేయుటయే.

ఇక వాక్యనిర్మాణము. ‘ప్రశ్నకు జవాబు చెప్పెను’ అని మనము ‘కు’ ప్రత్యయమును వాడుదుము. ఆ అలవాటున మన పిల్లలు ‘హి ఆన్సర్డ్ టు మై క్వశ్చన్’ అని వ్రాయుదురు. అది తప్పు. ‘హి ఆన్సర్డ్ మై క్వశ్చన్’ అనవలెను. ‘రిప్లై’ క్రియకు మాత్రము ‘టు’ కావలెను: ‘హి రిప్లైడ్ టు మై లెటర్’. ‘ఆన్సర్’ నామవాచకమైనచో దానికిని ‘టు’ వచ్చును: ‘ది ఆన్సర్ టు ది క్వశ్చన్’.

తలిదండ్రులకును ఈ భేదము ఉపయోగపడును. తెలుగు పాఠ్యపుస్తకములు ఎప్పుడు వచ్చునని ఒక తండ్రి కార్యాలయమునకు జాబు వ్రాసెననుకొనుడు. ‘మీ జాబు అందినది, పరిశీలించుచున్నాము’ అని వచ్చినచో అది రిప్లైయే గాని ఆన్సర్ కాదు. ఆయన అడిగినది ‘ఎప్పుడు?’ అని, వచ్చిన జాబులో తేదీ లేదు. అప్పుడాయన ‘థాంక్ యూ ఫర్ యువర్ రిప్లై. ఇట్ డజ్ నాట్ ఆన్సర్ మై క్వశ్చన్’ అని మర్యాద తప్పక మరల వ్రాయవచ్చును. పరీక్షలోను ఇంతే. పుటలు నింపినను, అడిగినది చెప్పనిచో అది ఆన్సర్ కానేరదు.

ఈ భేదము మన తెలుగునకు క్రొత్త కాదు. జాబునకు వచ్చునది ప్రత్యుత్తరము. సందేహమును తీర్చునది సమాధానము. మాతృభాషలోని ఈ జంటను మరువనివానికి ఆంగ్లపు జంట చిక్కు కాదు.

అభ్యాసము: ఖాళీలను పూరింపుడు.
1. ప్లీజ్ ........ ది టెలిఫోన్.
2. షి ........ టు మై లెటర్ ఎస్టర్డే.
3. ది ........ టు దిస్ సమ్ ఈజ్ 12.