బోల్డ్ ఎక్కడ ఆగాలి

భద్రాచలం



బోల్డ్ అక్షరాల గొడవకు ఉద్యోగం మానేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో ఒకటే దిగులు. నేను నవ్వలేదు బిడ్డా. నువ్వు రాసిన లినక్స్ పాఠాలు తీసుకుని, నువ్విచ్చిన పాత ల్యాప్‌టాప్ ముందు కూచున్నాను.

మూడో పేజీలో గ్రెప్ అనే కమాండ్ బోల్డ్‌లో ఉంది. ఏడో పేజీలో కొటేషన్ గుర్తుల్లో ఉంది. పన్నెండులో 'గ్రెప్‌ను' అని, 'ను'తో సహా బోల్డ్ చేశావు. బోల్డ్‌లో ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నావు కదా అని 'ను' కూడా కొట్టాను. అలాంటి కమాండే లేదంది! ఇంగ్లీషువాళ్లకు ఈ తిప్పలు లేవు. మన విభక్తి పేరుకు అతుక్కునే ఉంటుంది. బోల్డ్ కమాండ్ దగ్గరే ఆగిపోవాలి. 'ను', 'తో', 'కి' మామూలు అక్షరాల్లోనే ఉండాలి. మీ ఆఫీసులో పోట్లాడితే దీనికోసం పోట్లాడు.

కలప డిపోలో చేరిన కొత్తలో టేకు దుంగలకు సుత్తితో ముద్ర కొట్టే పని నాది. కోసిన మొన మీద కొట్టాలి. ఓ సాయంత్రం వాన ముంచుకొస్తుంటే నాలుగైదు దుంగలకు పక్కన బెరడు మీద కొట్టేశాను. చెక్‌పోస్టులో టార్చి వేసి మొనలే చూస్తారు. లారీ తెల్లారేదాకా కదల్లేదు. ముద్ర అసలుదే, నీ బోల్డ్ లాగే చోటు తప్పింది. పాపం, ఆ డ్రైవరు నన్ను తిడుతూనే తన పులిహోరలో సగం నాకు పెట్టాడు. నువ్వు రాత్రిళ్లు తింటున్నావా?

1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్ నువ్వే చూపించావు. అందులో కింద గీత ఉన్న మాటను ఉన్నదున్నట్టు కొట్టాలి. ఇప్పటి మాన్ పేజీల్లో ఆ పని బోల్డ్‌ది. గీతో, వాలు అక్షరాలో ఉంటే అక్కడ మన మాట పెట్టుకోవాలి. గుర్తు తలకిందులైంది, అయినా ఎవరి పుస్తకంలో వాళ్లు మాట తప్పలేదు. తెలుగులో మాత్రం వాలు అక్షరాలు వద్దు తల్లీ, ఒత్తులు పక్కవాటి మీద పడి నా కళ్లకు ఆనడం లేదు. గీతే పెట్టు.

గోదారి 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మైకులో 'రెండోది' అనగానే ఇక్కడ ఎవరూ అర్థం అడగరు, సామాన్లు సర్దుకుంటారు. ఏటా పేరు మారిస్తే? నీ బోల్డ్ సంగతీ అంతే.

రాజీనామా సంగతి తర్వాత. ముందు పన్నెండో పేజీ దిద్ది పంపు, మళ్లీ కొట్టి చూస్తాను. ఆదివారం వస్తానంటే అత్తయ్య చేపలు తెప్పిస్తానంటోంది. రాత్రి బస్సయితే దుప్పటి తెచ్చుకో, పాల్వంచ దాటాక చలి.

మావయ్య