కడసీల

సోమశిల



హుస్సేన్ సాగర్‌లో నీ పడవ చుక్కాని లొడలొడలాడుతోందని, గాలి పెరిగితే కర్ర ఎటు తిప్పినా పడవ మాట వినడం లేదని చెప్పావు. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావు. ఈ కాగితం పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టు.

మన రేవులో పుట్టికి చుక్కాని ఉండదు. వెదురు బుట్టకు ముందూ వెనకా లేవు, తెడ్డు ఎటు వేస్తే అటే ముందు. నీ ఆప్టిమిస్ట్ పడవ అలా కాదు. 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల ఒళ్ళు. గాలి తెరచాపను పక్కకు నెడుతుంటే ఆ పడవను దారిలో నిలిపేది వెనకున్న పలకే.

ఊడదీయకముందే చుక్కాని రెక్క పట్టుకుని అటూ ఇటూ, పైకీ కిందికీ ఊపి చూడు. కర్ర చుక్కాని తలలో కదులుతోందా? చుక్కాని సీలలు రింగుల్లో అరిగాయా? లేక రింగులను పడవ వెనక గోడకు పట్టి ఉంచిన స్క్రూలే కదులుతున్నాయా? చప్పుడు ఒకటే అయినా మందు వేరు. నా చేతికి వచ్చిన పడవల్లో ఎక్కువగా స్క్రూలదే తప్పు.

విప్పేటప్పుడు ప్రతి ముక్క మీదా గుర్తు రాయి. శ్రీశైలం డ్యాం నీళ్ళొస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు, నిన్ను తీసుకెళ్ళి చూపించాను కదా. ఏ రాయి ఎక్కడిదో తెలియకపోతే అది మళ్ళీ గుడి అయ్యేదా? నీకు పైది, కిందది, ఎడమ, కుడి అని రాసుకుంటే చాలు.

స్క్రూ వదులైతే దానికంటే లావుది బిగించమంటారు. వినకు. నెల తిరక్కుండా మళ్ళీ అదే గోల. ఆ రంధ్రంలోకి నీళ్ళు దిగి లోపలి చెక్క మెత్తబడి ఉంటుంది, మెత్తటి చెక్కలో ఏ స్క్రూకూ పట్టు దొరకదు. మెత్తబడినంత మేర డ్రిల్లుతో తీసెయ్యి. నాలుగు రోజులు ఆరనివ్వు. ఎపాక్సీలో ఫిల్లరు పొడి కలిపి ముద్దలా చేసి నింపు. గట్టిపడ్డాక మధ్యలో సన్నని రంధ్రం వెయ్యి. లోపలివైపు చెయ్యి పడితే స్క్రూ మానేసి బోల్టు వేసి, వెనక వెడల్పాటి వాషరు పెట్టు. తల కింద సీలెంటు మరవకు.

ఎపాక్సీతో మన ఎండలో జాగ్రత్త. ఏప్రిల్ మధ్యాహ్నం గ్లాసు నిండా కలిపితే, తన వేడికి తానే ఉడికి గ్లాసులోనే రాయైపోతుంది. పొద్దున్నే వెడల్పాటి మూతలో కొద్దికొద్దిగా కలుపు. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పొయ్యకు, సరిగా గట్టిపడదు. కొలత డబ్బా మీద రాసినదే.

బిగించే ముందు రెండు రింగుల్లోంచి తిన్నని ఊచ ఒకటి దింపి చూడు. అది సాఫీగా దిగితే చుక్కానీ సాఫీగా తిరుగుతుంది. గోడకు వేసినట్టు గుండు వేసి చూడకు, పడవ వెనక గోడ నిటారుగా ఉండదు.

ఇప్పుడు అసలు మాట. ఇదంతా చేసినా చుక్కాని ఆ రింగుల్లో కూర్చుని ఉంటుంది, అంతే. పైకి లేవకుండా దాన్ని ఆపేది వేలెడంత స్ప్రింగు క్లిప్పు. ఎడ్లబండి చక్రానికి కడసీల ఎలాగో దీనికి అది అలాగ. మీ ముత్తాత పెబ్బేరు సంతకు బండి కట్టిన ప్రతిసారీ ముందు కడసీలనే తడిమి చూసేవాడు.

నేను సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక మే నెల సాయంత్రం హుస్సేన్ సాగర్ మీదే గాలిదుమారం వచ్చి నా పడవ బోర్లా పడింది. లేపి, ఎక్కి, కర్ర కోసం చెయ్యి చాచాను. అక్కడ ఏమీ లేదు. పడవ తలకిందులైనప్పుడు చుక్కాని తన బరువుకే జారిపోయింది. క్లిప్పు వంగిపోయిందని నాకు రెండు వారాలుగా తెలుసు. నాతో వచ్చిన పద్నాలుగేళ్ళ పిల్లవాడు వణుకుతూ నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. తెరచాప తాడు వదిలేసి, పుట్టిలో లాగా వెనకనుంచి తెడ్డు వేసుకుంటూ చీకటి పడ్డాక ఒడ్డుకు చేరాం.

అందుకని, క్లిప్పును వేలితో నొక్కి వదిలితే టక్కున వెనక్కి రాకపోతే ఆ రోజే మార్చెయ్యి. దాని మీదే భారం వెయ్యకు. చుక్కాని తలకు రంధ్రం వేసి, సన్నని గట్టి తాడుతో పడవకు కట్టు. కర్ర పూర్తిగా తిరగడానికి సరిపడా పొడుగు చాలు. సీలల్లోంచి జారినా చుక్కాని నీ దగ్గరే ఉంటుంది.

వేసవిలో పడవ ఇక్కడికి తెస్తానంటున్నావు. మన రేవు నీళ్ళు శ్రీశైలం డ్యాంవే, దాని నిండు మట్టం 885 అడుగులు. వేసవికి నీళ్ళు బాగా దిగిపోయి అలంపురం చేర్చినది కాక, అవతల ఉన్న సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, మునిగిన ఊళ్ళ గోడలు, చెట్ల మొద్దులు నీటికి జానెడు కిందికి వస్తాయి. రెక్క వాటికి తగిలిందంటే స్క్రూలతో సహా పెరుక్కుని వస్తుంది. ఇక్కడి జాలర్లను అడిగి, వాళ్ళు చూపిన చోటే దిగుదాం.

పని అయ్యాక స్నేహితురాలిని సాయం తీసుకుని పడవను గడ్డి మీద బోర్లా తిప్పు. చుక్కానిని గట్టిగా ఊపి చూడు. జారకపోతే నాకు ఫోన్ చేసి, అప్పుడు నీళ్ళలోకి దింపు.

మీ తాత